పసుపు కలపని ఒడిబియ్యం

నా ఒంటి మీద మొదటిసారి దద్దుర్లు లేచినప్పుడు నేను బోర్డు మీద సమీకరణం రాస్తున్నాను. మొయినాబాద్‌లో ఒక బడిలో లెక్కలు చెబుతాను. ఎక్స్ విలువ కనుక్కోమని పిల్లలకు చెప్పి ఎడమ మోచెయ్యి గోక్కున్నాను. తర్వాత కుడిది. గంట కొట్టేసరికి మెడ మీద, వీపు మీద, చెవుల వెనక పూరీల్లా పొంగాయి. మొదటి బెంచీలో కూర్చునే పిల్ల నా వైపు చూసి, "టీచర్, మీ మొఖం మారింది" అంది. స్టాఫ్ రూమ్ అద్దంలో చూసుకుంటే నిజమే, కింది పెదవి ఇంకెవరిదో తెచ్చి అతికించినట్టుంది. సాయంత్రం ఇంటికెళ్ళి మావారికి చూపిద్దామనుకున్నాను. ఇల్లు చేరేసరికి ఒక్క మచ్చ కూడా లేదు. ఇంత గోల జరిగిందని ఆయనను నమ్మించడానికే రాత్రి భోజనం వేళ అయింది.

అది మొదలు, అవి వస్తూనే ఉన్నాయి. ఎండలో వస్తాయి, నీడలోనూ వస్తాయి. వంకాయ తింటే వస్తాయి, తినకపోయినా వస్తాయి. ప్రిన్సిపాల్ తిట్టినప్పుడు రావాల్సింది, రాలేదు. ఆయన పొగిడిన రోజు మాత్రం మెడ నిండా వచ్చాయి.

చేవెళ్ళలో చర్మం డాక్టరు ఒకాయన ఉన్నాడు. నెమ్మదస్థుడు. నా రక్తం తీయించి పరీక్షలన్నీ చేయించాడు. కాగితాలు తిరగేసి, "మేడం, మీకు అన్నీ మంచిగనే ఉన్నయి" అన్నాడు.

"మరి ఇవెందుకొస్తున్నాయి?"

"కారణం తెలియదు. చానామందిల దొరకదు. ఎట్ల వచ్చినయో అట్లనే పోతయి."

"ఎప్పుడు పోతాయి?"

"అది గూడ తెలియదు."

లెక్కల టీచరుకి ఇంతకన్నా అవమానం లేదు. నా దగ్గర చదివే పిల్లాడెవడైనా జవాబు చోట "తెలియదు" అని రాస్తే నేను సున్నా వేస్తాను. ఈయన రెండు ప్రశ్నలకూ అదే జవాబిచ్చి, దర్జాగా గోలీలు రాసిచ్చాడు. ఊపిరి ఆడనట్టు అనిపిస్తే మాత్రం ఆలస్యం చేయకుండా పెద్ద దవాఖానకు వెళ్ళమని గట్టిగా చెప్పాడు. ఆ ఒక్క మాట మీద ఆయనకు పాస్ మార్కులు వేశాను.

గోలీ మంచిదే కానీ నిద్ర తెప్పించేది. ఒకసారి అది వేసుకుని పరీక్ష హాల్లో కాపలాకు వెళ్ళాను. కుర్చీలో కూర్చున్న సంగతి గుర్తుంది, అంతే. మెలకువ వచ్చేసరికి హాలు ఎంత నిశ్శబ్దంగా ఉందంటే, అంత క్రమశిక్షణ మా బడిలో అంతకుముందు ఎవరూ ఎరుగరు. ఆ పరీక్షలో అందరికీ మంచి మార్కులే వచ్చాయి. తప్పులు కూడా అందరికీ ఒకేచోట వచ్చాయి.

ఇక మావారి సంగతి. వాళ్ళది గుంటూరు వైపు. ఆయన చిన్నప్పుడే కుటుంబమంతా పట్నం వచ్చి స్థిరపడింది. సాఫ్ట్‌వేర్‌లో తప్పులు పట్టడం ఆయన ఉద్యోగం. ఇన్నాళ్ళూ ఆ విద్యను ఇంట్లో నా కూరల మీద మాత్రమే ప్రయోగించేవారు. దద్దుర్లు వచ్చాక ఆయనకు చేతినిండా పని దొరికింది.

"ఒక్కొక్కటే తీసేద్దాం. ఏది తీసేస్తే ఆగుతాయో అదే దొంగ" అన్నారు.

ముందు వంకాయ వెళ్ళిపోయింది. తర్వాత పల్లీలు, నువ్వులు, చేపలు, గుడ్లు. ఆ వెనక సబ్బు, అగరొత్తులు, పక్కింటి పిల్లి. గోంగూర తీసేసిన రోజు మాత్రం ఆయన ముఖం చూడలేకపోయాను. నా కోసం తనూ మానేశారు పాపం. గుంటూరు మనిషి గోంగూర మానేశాడంటే ఆ ప్రేమను శంకించకూడదు. చివరికి మా ఇంట్లో మిగిలిన వంట ఉడికించిన సొరకాయ. దాన్ని తింటూ ఉండగా కూడా దద్దుర్లు లేచాయి.

అప్పుడు ఆయన సాఫ్ట్‌వేర్ వాళ్ళ మధ్య బాగా నడుస్తున్న మందొకటి తెచ్చారు. ధ్యానం. మా మొయినాబాద్ చుట్టూ ఫామ్‌హౌస్‌లకు కొదవ లేదు. ఒకదాంట్లో శని, ఆదివారాలు ఒక గురువుగారు మనసును వర్తమానంలో నిలపడం నేర్పుతారట. వెళ్ళాం. పచ్చగా కత్తిరించిన గడ్డి మీద అందరినీ కూర్చోబెట్టి కళ్ళు మూసుకోమన్నారు.

"ఒంట్లో ఎక్కడైనా దురద వస్తే గోకకండి. దాన్ని తిట్టకండి. దానికి పేరు పెట్టకండి. ఊరికే గమనించండి. అది పుడుతుంది, పెరుగుతుంది, పోతుంది" అన్నారు గురువుగారు, వెన్నలాంటి గొంతుతో.

మిగతావాళ్ళకు దురద రావడం కష్టం. నాకు పిలవకుండానే వచ్చింది. ముందు అరికాలులో, తర్వాత మోకాలి వెనక, ఆ తర్వాత పెదవి మీద. గమనించాను. పేరు పెట్టలేదు. తిట్టలేదు, కనీసం పైకి తిట్టలేదు. ఎంత శ్రద్ధగా గమనించానంటే గురువుగారు కళ్ళు తెరిచి నన్ను చూసేదాకా నేను కదల్లేదు. ఆయన మాత్రం ఎగిరి లేచారు. "కారు తాళాలేవి? కారు తాళాలేవి?" అంటూ చెప్పులు లేకుండా గడ్డి మీద పరుగెత్తారు. నేనే సంచీలోంచి గోలీ తీసి వేసుకుని, ఊపిరి బాగానే ఆడుతోందని చెప్పి, ఆయనను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాను. ఆ రోజు ఆ తోటలో వర్తమానంలో ఉన్నది నేనొక్కదాన్నే.

నవ్వుతున్నాను కానీ ఆయన చెప్పినదాంట్లో నిజముంది. దురద పుడుతుంది, పెరుగుతుంది, ఇక చచ్చిపోతానేమో అనిపించేంత పైకి వెళ్తుంది, తర్వాత దిగుతుంది. గోకితే మాత్రం దిగడం మరచిపోతుంది. ఈ సంగతి నేర్చుకున్నాక నాకు భయం తగ్గింది. దద్దుర్లు తగ్గలేదు.

ఇంట్లో తీసేయడానికి ఇంకేమీ మిగలకపోవడంతో మావారు ఇల్లు దాటి ఆలోచించారు. ఒక ఆదివారం మా అవ్వతో ఫోన్లో మాట్లాడుతున్నాను. అవ్వ అంటే మా వైపు అమ్మే. పెళ్ళయిన కొత్తలో "మా అవ్వ వస్తోంది" అంటే ఆయన నానమ్మ అనుకుని చేతికర్ర పట్టుకునే ముసలావిడ కోసం బస్టాండంతా వెతికారు. చేవెళ్ళ దాటాక ఆలూరు మా పుట్టిల్లు. అవ్వ, బాపు, అన్న, వదిన. పొలం నిండా చామంతి తోట. ఫోన్ స్పీకర్లో ఉందని చూసుకోకుండా మావారు గుమ్మంలోంచి అన్నారు.

"నేను గుర్తు చేసుకుంటున్నాను. మొన్న మీ ఊరెళ్ళొచ్చాక వచ్చాయి. అంతకుముందు వెళ్ళొచ్చాకా వచ్చాయి. పండక్కి వెళ్ళినప్పుడూ వచ్చాయి. నాకెందుకో అంతా మీ ఊళ్ళోనే ఉందనిపిస్తోంది."

అటువైపు అవ్వ పొయ్యి మీద పాలున్నాయని చెప్పి ఫోన్ పెట్టేసింది. ఆ వేళప్పుడు మా పుట్టింట్లో పాలు కాచరు.

ఆ మర్నాటి నుంచి నాకు పుట్టింటి దారి మూసుకుపోయింది. తలుపు వేసింది అవ్వే. నేను వస్తానన్నప్పుడల్లా ఏదో ఒకటి చెప్పేది.

"ఈ వారం రాకు బిడ్డా. చామంతి కోస్తున్నం, పుప్పొడి లేస్తున్నది."

"ఇప్పుడు గాదు. పొలంల మందు కొడుతున్రు, వాసన నీకు పడది."

"బర్రె ఈనింది. ఇల్లంత నీసు వాసన."

బర్రె ఏడాదిలో ఎన్నిసార్లు ఈనుతుందో పల్లెటూళ్ళో పుట్టిన నాకు తెలియదా. అడగలేదు. అడిగితే ఏడుస్తుందని భయం.

కానీ నన్ను చూడకుండా ఉండలేకపోయేది. అందుకని చేవెళ్ళ బస్టాండులో కలుసుకునేవాళ్ళం. తను ఆలూరు నుంచి బస్సెక్కి వచ్చేది, నేను మొయినాబాద్ నుంచి వెళ్ళేదాన్ని. చాయ్ హోటల్లో మూల బల్ల దగ్గర, ఇంట్లో తెలియకుండా కలుసుకునే ప్రేమికుల్లా కూర్చునేవాళ్ళం. పొలం నుంచి ఏమైనా అంటుకుని వచ్చిందేమోనని ఉతికిన చీర కట్టుకుని, స్నానం చేసి, తలలో పూలు తీసేసి వచ్చేది. నన్ను ముట్టుకునేది కాదు. చాయ్ తాగి, నా చేతులకేసి, మెడకేసి వెతుకుతున్నట్టు చూసి, బస్సు వచ్చిందని లేచేది. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నాకు దద్దుర్లకన్నా ఎక్కువ మంటగా ఉండేది. దానికి గోలీ లేదు.

ఇంతలో నా ఒడిబియ్యం ఏడాది వచ్చింది. పెళ్ళయిన ఆడపిల్లకు కొన్నేళ్ళకోసారి అమ్మానాన్నలు పుట్టింట్లో కూర్చోబెట్టి, పసుపు, నెయ్యి కలిపిన బియ్యం ఒడిలో పోస్తారు. ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పసుపు కొమ్ములు, పోకచెక్కలు పెడతారు. కొత్త చీర కడతారు. ఆ బియ్యం తెచ్చుకుని అత్తింట్లో వండి నలుగురికి పెట్టాలి. పుట్టింటివాళ్ళు ఒడి నింపడం మరచిపోయారంటే ఆ ఆడపిల్లను మరచిపోయారని ఊళ్ళో అర్థం. అది పుట్టింట్లోనే జరగాలి, చాయ్ హోటల్లో కుదరదు. అవ్వ నిజంగానే ఒకసారి, "చేవెళ్ళల ఫంక్షన్ హాల్ తీసుకుందామా?" అని అడిగింది. నేను ఫోన్లోనే గట్టిగా అరిచాను. మా ఇంట్లో జరగకపోతే నాకు ఒడిబియ్యమే వద్దన్నాను.

"సరె బిడ్డా. ఇంట్లనే చేద్దాం. నేను అన్నీ సర్దిపెడ్త" అంది.

సర్దడమంటే ఏమిటో వెళ్ళాక తెలిసింది. మావారిని ఫోన్లో అడిగి, ఆయన ఇన్నాళ్ళూ అనుమానించినవన్నీ అవ్వ ఒక్కటి కూడా వదలకుండా మనసులో పెట్టుకుంది. బర్రెను, దూడను మా దాయాదుల కొట్టానికి తోలేశారు. కుక్కను అన్న స్నేహితుడింట్లో కట్టేశారు. ఊరంతా చామంతి పూస్తుంటే మా గుమ్మానికి పూలదండ లేదు. అగరొత్తులు లేవు. దేవుడికి దీపం మాత్రం పెట్టి, పొగ నా వైపు రాకుండా వదిన అట్టముక్క అడ్డం పట్టుకుంది. రాజకీయాల్లో తిరిగే మా అన్న సెంటు కొట్టుకోకుండా గడప దాటడు. ఆ రోజు అతన్ని అవ్వ రెండుసార్లు స్నానానికి పంపింది. బాపు గొంగడి ప్లాస్టిక్ సంచిలో మూటకట్టి పక్కింటి అటక ఎక్కించారు. చలికాలం పొద్దున్న గొంగడి లేని బాపు, టవలు కప్పుకుని ఎవరింటికో వచ్చినవాడిలా అరుగు చివర కూర్చున్నాడు.

కొత్త చీర రంగు నాకు పడదేమోనని అవ్వ దాన్ని నీళ్ళు తేటగా వచ్చేదాకా మళ్ళీ మళ్ళీ ఉతికింది. ఎరుపు చీర అని కొన్నారట. నేను కట్టుకునేటప్పటికి అది అవ్వ కట్టుకున్న పాత చీరకన్నా పాతగా ఉంది.

వంట సంగతి చెప్పకూడదు. ఒడిబియ్యమంటే యాట తెగాలి, మాంసం ఉడకాలి. అన్న వెంట తిరిగే జనం పొద్దున్నే ఆకలి పెంచుకుని వచ్చారు. వాళ్ళకు దొరికింది తెల్లన్నం, పోపు లేని పెసరపప్పు, సొరకాయ. అందులో ఒకాయన గంటెతో గిన్నె అడుగుదాకా వెతికి చూసి, "అన్నా, ఇంట్ల ఎవ్వలకన్న పానం బాగలేదా?" అని మెల్లగా అడిగాడు.

మావారు ఒక్కరే సంతోషంగా ఉన్నారు. ఇల్లంతా ఒకసారి తిరిగి చూసి, "అత్తయ్యగారు మా ఆఫీసులో ఉండాల్సిన మనిషి" అన్నారు.

నన్ను పీట మీద కూర్చోబెట్టారు. అవ్వ, బాపు ఎదురుగా నిలబడి దోసిళ్ళతో బియ్యం పోయసాగారు. తెల్లటి బియ్యం. పసుపు లేదు, నెయ్యి లేదు, కుడుక లేదు. చుట్టూ ఉన్న ఆడవాళ్ళు ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. మా వాడకట్టు పెద్దమ్మ ఇక ఆగలేకపోయింది.

"పసుపేదే? ఒడిల పోస్తున్రా, ఎసట్ల పోస్తున్రా?"

అవ్వ పెదవులు బిగించి పోస్తూనే ఉంది. ఏ తల్లికీ మనసొప్పని పని అది. పసుపు లేని బియ్యం కూతురి ఒడిలో పోయడానికి తనెంత ధైర్యం తెచ్చుకుందో పీట చుట్టూ ఒలికిన గింజల్లో నాకు తెలిసింది.

సరిగ్గా అప్పుడు, కుడి అరచేతిలో చిన్నగా చురుక్కుమంది.

నాకు ఆ చురుకు బాగా తెలుసు. వస్తోంది, సరే, గమనిద్దాం అనుకున్నాను. చేతిని బియ్యం కిందికి జరిపాను. మెడ దాకా కొంగు లాక్కున్నాను. గురువుగారు చూస్తే మెచ్చుకునేంత నిశ్చలంగా కూర్చున్నాను. చెయ్యి దాచొచ్చు, మెడ దాచొచ్చు. పెదవిని ఎక్కడ దాచను? అవ్వ దోసిలి గాల్లోనే ఆగిపోయింది.

అవ్వ ఆ దోసెడు బియ్యం తిరిగి చేటలో పోసి, పెరట్లోకి వెళ్ళి, ఖాళీ కొట్టం ముందు కూర్చుంది. నేను గోలీ మింగి, ఒడిలో బియ్యం అలాగే పట్టుకుని వెనకే వెళ్ళాను.

"అన్నీ తీసేసిన బిడ్డా" అంది నా వైపు చూడకుండా. "పూలు తీసేసిన, పసుపు తీసేసిన, బర్రెను తోలేసిన. ఇగ ఏం మిగిలింది? నేనే మిగిలిన. నేనే నీకు పడ్తలేను."

నాకు ఏడుపు ఆగలేదు. పెదవి వాచి ఉంటే సరిగ్గా ఏడవడం కూడా రాదు, బుడగలొస్తాయి.

మావారు వచ్చి మా ఎదుట గొంతుక్కూర్చున్నారు. ఆయన ముఖం పాలిపోయింది. "కాదండీ అత్తయ్యగారూ. అన్నీ తీసేశాక కూడా వచ్చాయంటే ఈ ఇంట్లో ఏదీ కారణం కాదని అర్థం. నాదే తప్పు. నేను లెక్క తప్పాను" అన్నారు. లెక్క సరైనదే. కానీ అవ్వ లెక్కలకు లొంగే స్థితిలో లేదు.

"అవ్వా, జర ఇటు జరుగు. నా చేతి మీద చెయ్యి వెయ్యి" అన్నాను.

"వద్దు బిడ్డా, ఎక్కువైతది."

"కానియ్యి. చూద్దాం."

భయపడుతూ, నిప్పును ముట్టుకున్నట్టు, నా ముంజేతి మీద చెయ్యి వేసింది. చామంతులు తెంపీ తెంపీ గరుకెక్కిన చెయ్యి. దాన్ని తాకి ఏడాది దాటింది.

"దీన్ని గోకొద్దు, తిట్టొద్దు. చూస్తుండాలె, అంతే" అని చెప్పాను.

"ఎంతసేపు?"

"అది పొయ్యేదాక."

"పొయ్యేదాక గిట్ల కూసుంటె ఇంట్ల మంది ఉన్నరు, పనెవరు చేస్తరు?"

"అవ్వా."

"సరె సరె. చూస్తున్న తియ్యి."

ఇద్దరం చూశాం. ధ్యానంలో మాట్లాడకూడదని నేను చెప్పడం మరచిపోయాను. "ఇది జర సల్లబడ్డది" అంది అవ్వ. "గిది చూడు, ఇది మొండిది. ఓ, గిటు జరుగుతున్నది." తోలేసిన బర్రెతో మాట్లాడినట్టే వాటితోనూ మాట్లాడింది. ఇంతలో బాపు ఎప్పుడు వెళ్ళాడో, పక్కింటి అటక మీంచి గొంగడి దింపుకుని వచ్చాడు. మా ఊళ్ళో దద్దుర్లకు తరతరాలుగా ఉన్న మందు అదే. మా ఊరి అనుమానితుల్లో మావారు అందరికన్నా ముందు పెట్టింది కూడా దాన్నే. బాపు ఎవరినీ అడగకుండా అది నా భుజాల చుట్టూ కప్పాడు. మావారు ఏదో అనబోయి, ఊరుకుని, జారిపోతున్న అంచును తనే సర్దారు.

కాసేపటికి దిగాయి. ముందు ముంజేయి, తర్వాత మెడ.

"నీ చెయ్యి కిందిదే ముందుగాల తగ్గింది, చూడు అవ్వా" అన్నాను.

అది గోలీ పనే కావచ్చు. దాని వేళకు అదే తగ్గి ఉండొచ్చు. ఒక్కసారి జరిగినదాన్ని రుజువనకూడదని నేను పిల్లలకు రోజూ చెబుతాను. కానీ ఆలూరుకు చేసిన ప్రయాణాలు రుజువైనప్పుడు అవ్వ చెయ్యి ఎందుకు రుజువు కాదు? మావారి వైపు చూశాను. ఆయన బుద్ధిగా తలూపారు.

అవ్వ నా చేతిని అటూ ఇటూ తిప్పి చూసింది. లేచి మొహం కడుక్కుంది.

"పసుపు తెండ్రి" అని ఇంట్లోకి కేకేసింది. "నెయ్యి తెండ్రి. కుడుకలు యాడ పెట్టిన్రే?"

అన్న చేలోకి పరుగెత్తి చేతుల నిండా చామంతులు తెచ్చాడు. బర్రె తిరిగి వచ్చింది. వదిన పప్పుకు పోపు పెట్టింది, ఆ ఘాటుకు అన్న స్నేహితులకు కొంత ఆశ కలిగింది. నా ఒడిలో బియ్యం చేటలో పోసి, పసుపూ నెయ్యీ కలిపి, మళ్ళీ మొదటి నుంచీ పోశారు. ఈసారి అవ్వ దోసిట్లోంచి ఒక్క గింజ పక్కన పడలేదు. వాచిన పెదవితోనే కూర్చున్నాను. ఫోటోల్లో నా నవ్వు ఒకవైపుకే ఉంటుంది.

దద్దుర్లు ఇప్పటికీ వస్తాయి. కారణం ఇప్పటికీ తెలియదు. మా ఇంట్లోకి గోంగూర తిరిగి వచ్చింది.

ఆ సాయంత్రం బయలుదేరేముందు, పద్ధతి ప్రకారం, ఒడిలోంచి గుప్పెళ్ళతో కొంత బియ్యం తీసి పుట్టింట్లోనే వదిలాను. పసుపు అంటిన నా చేతిని అవ్వ పట్టుకుంది, వెతకడానికి కాదు. కారు దాకా పట్టుకునే వచ్చింది.

"మళ్ళెప్పుడు రమ్మంటవు అవ్వా?" అని అడిగాను.

"దద్దులు పిలుస్తెనే వస్తున్నయా బిడ్డా?" అంది. "నువ్వు గూడ గట్లనే రా."